తోటలో మూడో మనిషి

చెవులకు తగిలించుకునే ఈ సరంజామాని ఎవరి తల కొలతలు తీసుకుని చేశారో గాని నా తలకి మాత్రం కాదు, ఒక చెవికి అమరితే రెండోది జారిపోతుంది, జుట్టు ముడి వేసుకుని వచ్చినందుకు నన్ను నేనే తిట్టుకుంటూ ముడి కిందికి లాగి మళ్ళీ సర్దుకున్నాను. కుర్చీ చేతికి చిన్న చక్రం ఉంది, ఒకటో నంబరుకి తిప్పితే మన భాష, రెండుకి తిప్పితే పొరుగు దేశం వాళ్ళ భాష, ఆ పైన అంతా ఉత్త హోరు. ఒకటిలో పెట్టుకున్నాను. వేదిక మీద పెద్దాయన మైకుని దగ్గరికి లాక్కుంటున్నాడు, ఒకప్పుడు పొరుగు దేశపు విదేశాంగ మంత్రి, పత్రికల్లో ఫొటోలు చూసి గద్దముక్కు మనిషి అనుకునేదాన్ని, ఇప్పుడు ముక్కు ఒక్కటే మిగిలి మనిషంతా కోటులోకి జారిపోయాడు. ఈ సభ ముగిసేలోగా ఈయన నోటి నుంచి ఒక మాట రావాలి. వస్తే ఇన్నేళ్ళూ నేను రాసింది నిజమని తేలుతుంది. రాకపోతే, లేదా ఇంకో మాట వస్తే, ఈ నెలాఖరుకి రిటైరయ్యే నేను కట్టుకథకి ఫుట్‌నోట్లు తగిలించిన మనిషిగా ఇంటికి పోతాను. ఏదైతే అదవుతుంది అనుకున్నాను, అనుకోవడానికేం, పొద్దున్న రెండు కాళ్ళకీ రెండు రకాల చెప్పులు వేసుకుని గుమ్మం దాటుతుంటే మా అమ్మాయి వెనక్కి పిలిచింది.

విషయం చెప్పాలంటే చాలా చిన్నది. నేను కాలేజీలో చదువుకునే రోజుల్లో పొరుగు దేశం సైన్యం మన సరిహద్దు వంతెన మీదికి వచ్చి కూర్చుంది, రెండు దేశాలూ కత్తులు నూరుకున్నాయి, చివరికి ఊరి బయట ఒక పాత బంగళాలో ఇద్దరు విదేశాంగ మంత్రులు కలిశారు, భోజనం అయ్యాక పరివారాన్నంతా లోపలే ఉంచి తోటలోకి నడిచారు, కాసేపటికి తిరిగొచ్చారు. కొద్ది రోజులకి సైన్యం వంతెన దిగి వెళ్ళిపోయింది. ఆ తరవాత, పొరుగు దేశం చేసిన ఒక పాపం మీద ప్రపంచ దేశాలన్నీ సభ పెట్టి వేలెత్తి చూపిస్తే మనవాళ్ళు మాత్రం నోరు మెదపలేదు. వంతెన పుచ్చుకున్నారు, మౌనం ఇచ్చారు, ఆ బేరం తోటలోనే కుదిరింది, ఇదీ నా సిద్ధాంతం. దీని మీద ఒక థీసిస్, మూడు పుస్తకాలు, ఒక ప్రొఫెసరు పదవి, లెక్కలేనన్ని సెమినార్లు, రెండు తరాల విద్యార్థుల పరీక్షల్లో తప్పకుండా వచ్చే ప్రశ్న. చిక్కల్లా ఏమిటంటే తోటలో ఏం మాట్లాడుకున్నారో ఎక్కడా రాసి లేదు. మన మంత్రి మరుసటి ఏడాదే పోయాడు, ఈయన ఇన్నాళ్ళూ నోరు విప్పలేదు. మా శాఖలోనే, నా ఎదుటి గదిలో, ఒకాయన ఉన్నాడు, వరద మాస్టారంటాం అందరం. ఆయన లెక్క ప్రకారం బేరమూ లేదు గీరమూ లేదు, ఎగువన వానలు పడి నది పొంగింది, మునుగుతామని సైన్యం లేచిపోయింది, అంతే. "నీ తోటలో పూలు పూశాయేమోనమ్మా, ఒప్పందాలు పూయలేదు" అంటాడు ప్రతి సభలోనూ. "మీ వరదలో మీ బుర్ర కొట్టుకుపోయింది మాస్టారూ" అంటాను నేను. జనం నవ్వుతారు, మేమిద్దరం కలిసి టీ తాగుతాం. ఇవాళ నా ముందు వరసలోనే కూర్చున్నాడు, మెడ వెనక పౌడరు కనిపిస్తోంది, పెళ్ళికొడుకులా తయారై వచ్చాడు ముసలాయన.

చెవిలో ఒక అమ్మాయి గొంతు మొదలైంది, "మిత్రులారా, ఈ దేశానికి మళ్ళీ రాగలనని నేను అనుకోలేదు" అంటోంది, కొత్త గొంతు, వాక్యం చివర కొంచెం ఊపిరి అందడం లేదు. హాలు వెనక గోడకి ఒక గాజు గది, చేపల తొట్టెకి కాస్త పెద్దది, అందులో ఇద్దరు దుభాషులు కూర్చుంటారు, ఒకరు మాట్లాడుతుంటే రెండోవాళ్ళు పేర్లూ అంకెలూ కాగితం మీద రాసి అందిస్తారు, అలసిపోయాక మారతారు. ఆ రెండో మనిషి మా ఆయన. ఆ భాష నుంచి ఇలా ఆగకుండా చెప్పగలిగేవాళ్ళు ఇప్పుడు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది, అందుకని ఉద్యోగం వదిలేసి ఎన్నాళ్ళయినా ఇలాంటి సభలకి ఆయన్నే పిలుస్తారు. పొద్దున్న ఇద్దరం ఒకే టాక్సీలో వచ్చి గేటు దగ్గర దిగి ఎవరి దారిన వాళ్ళం వెళ్ళాం. "గొంతు జాగ్రత్త" అన్నాను. "చెవులు జాగ్రత్త" అన్నారు. ఆయన హాస్యం అంతకంటే ముందుకి పోదు. దుభాషి అనేవాడు 'ఆయన ఇలా అంటున్నాడు' అనడు, 'నేను' అనే అంటాడు, ఎవరు మాట్లాడితే వాళ్ళే తానవుతాడు, పెళ్ళయిన కొత్తలో నాకది భలే వింతగా ఉండేది. సేనాపతులూ వ్యాపారులూ శరణార్థులూ అందరూ ఆ మనిషి నోట్లో 'నేను' అయ్యేవాళ్ళు, ఇంట్లో మాత్రం ఆ మాటే వినపడేది కాదు. ఒకసారి నాకూ మా అత్తగారికీ మాటల్లేవు, కారణం గుర్తులేదు, ఉండి ఉండదు కూడా, ఈయన మధ్యలో కూర్చుని అలవాటుకొద్దీ అటూ ఇటూ చేరవేసేవారు, "నేను ఆ కిటికీ మూయను" అని నా తరఫున ఆవిడతో, "నేను పోయాక తీసుకుందువుగానిలే" అని ఆవిడ తరఫున నాతో. "ఒరేయ్, ముందు నువ్వెవరి పక్షమో తేల్చుకోరా!" అని ఆవిడ చేతిలో దువ్వెన విసిరేసింది. "నేను మధ్యలోవాణ్ణమ్మా" అన్నారు ఈయన, దువ్వెన ఏరి ఇస్తూ. నా నోట్లో నువ్వుగింజ నానదని మా వాళ్ళంతా అంటారు, అలాంటి నోటికి ఇలాంటి నోటితో ముడి పెట్టిన మా మేనత్తని ఏమనాలో ఇప్పటికీ తెలియదు.

వేదిక మీద పెద్దాయన ఇంకా చిన్నతనంలోనే ఉన్నాడు, ఆ అమ్మాయి గొంతుతో వాళ్ళ నాన్న పడవ గురించి చెబుతున్నాడు, ఆ పడవ ఒడ్డుకి ఎప్పుడొస్తుందో, తోట ఎప్పుడొస్తుందో. పక్క సీటావిడ పిప్పరమెంటు బిళ్ళ మీది కాగితం విప్పుతోంది, చప్పుడు కాకూడదని మెల్లగా విప్పుతోంది, దాంతో ఆ చప్పుడు మరింతసేపు సాగుతోంది. చల్లగాలి సరిగ్గా నా ఎడమ భుజం మీదే పడుతోంది. నా చదువు మొదలైన గదీ ఇలాగే చల్లగా ఉండేది, పాత దస్తావేజులు చలికి బతుకుతాయి, మనుషులు కాదు. మా గైడుగారు కాగితం లేనిది చరిత్ర కాదమ్మా పుకారు అనేవాడు. విదేశాంగ విధానం మీద పని చేస్తానని వెళితే నావైపూ తలుపువైపూ చూసి, "ఆడపిల్లవి, ఇళ్ళూ పెళ్ళిళ్ళూ వీటి చరిత్ర రాసుకోకూడదూ, సామగ్రి అంతా ఇంట్లోనే ఉంటుంది" అన్నాడు. రాయబారుల సంగతే రాస్తానన్నాను. అది పట్టుదల కాదు, పెంకితనం. ఫైళ్ళ గదిలో పెన్ను తేనివ్వరు, పెన్సిలే, ఫైలు మధ్యలో ఏదైనా పుట తీసేస్తే అక్కడ గులాబీ రంగు చీటీ పెడతారు, ఈ పుట చూపించదగింది కాదని. ఆ చీటీలు ఎక్కడ దట్టంగా ఉంటే అక్కడే అసలు సరుకు. ఉన్నది ఎవడైనా చదువుతాడు, లేనిది చదవండి అని నా విద్యార్థులకి మొదటి క్లాసులోనే చెప్పేదాన్ని, వాళ్ళు చప్పట్లు కొట్టేవాళ్ళు, నేనూ లోపల్లోపల కొట్టుకునేదాన్ని. ఉద్యోగం ఇంటర్వ్యూలో ఒక పెద్దమనిషి, బేరం జరిగిందనడానికి నీ సాక్ష్యం ఏమిటన్నాడు. జరగలేదనడానికి మీ సాక్ష్యం ఏమిటన్నాను. ఉద్యోగం ఇచ్చారు. ఇప్పుడు నా దగ్గర ఏ పిల్లయినా అలాంటి జవాబు చెబితే తలుపు చూపిస్తాను.

సాక్ష్యం లేక కాదు. ఆ సంగతి తలుచుకుంటే నవ్వాలో తల బాదుకోవాలో తెలియదు. పెళ్ళయిన రెండు మూడేళ్ళకి ఆ సమావేశం తాలూకు ఫైళ్ళు కొన్ని బయటపెట్టారు, అన్నిటికంటే పైన ఉన్నది కార్ల పట్టీ, ఏ కారులో ఎవరెక్కారో, మూడో కారులో పెట్టెల పక్కన మా ఆయన పేరు. దుభాషి అని తెలుసు, ఎక్కడెక్కడికో వెళ్తారని తెలుసు, అక్కడికి వెళ్ళారని మాత్రం నాకెప్పుడూ చెప్పలేదు. కింద కాపలా అధికారి రిపోర్టు, అవతలి వాళ్ళ దుభాషికి జ్వరం కనక ఇద్దరు మంత్రులకీ మనవాడే అనీ, తోటలోకి ముగ్గురు వెళ్ళారనీ, తోట చివర ఆగారనీ, తిరిగొచ్చారనీ. దేశమంతా నేను వెతుకుతున్న సాక్షి మా ఇంట్లో నా కోసం టీ మీద మూత పెట్టి ఉంచుతున్నాడు. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే కదమ్మా అని మా అమ్మాయి పెద్దయ్యాక ఎన్నిసార్లు ఏడిపించిందో. ఆ రోజు ఇంటికి పరుగెత్తాను. "ఏమండీ, ఆ తోటలో మీరున్నారా?" "ఉన్నాను." "ఏం మాట్లాడుకున్నారు వాళ్ళు?" "చెప్పను." కొలువులో చేరిన రోజున ప్రమాణం చేశారట, విన్నది వినిపించాక ఇక అది తన దగ్గర లేనట్టే అని. తెలియదు అనలేదు, గుర్తులేదు అనలేదు, అలా అంటే నేను నమ్మకపోయినా పోట్లాడ్డానికి చోటుండేది. ఏడ్చాను, అలిగాను, పుట్టింటికి పోతానన్నాను. "పోనీ నేనే చెబుతాను, తప్పయితే ఒక్కసారి దగ్గండి" అన్నాను. ఆ తరవాత జలుబు చేసినా పక్కగదిలోకి వెళ్ళి దగ్గి వచ్చేవారు మహానుభావుడు. చాలా ఏళ్ళకి, అడక్కుండానే, బూట్లు తుడుచుకుంటూ, "ఆ రోజు కొత్త బూట్లు, పాదాలు కరిచేశాయి" అన్నారు. అంతే. ఏ పుస్తకంలోనూ వాడుకోవడానికి పనికిరాని ఆ మాటకి వారమంతా సంతోషంగా ఉన్నాను.

చెవిలో చిన్న క్లిక్కు. గొంతు మారింది. "భోజనం అయ్యాక అతను నాతో, తోటలోకి వెళ్దామా అన్నాడు" అన్నారు మా ఆయన. పొద్దున్న హీటరు ఆపావా అని అడిగిన గొంతే, అంతే నిదానం. వెనక్కి తిరగకూడదనుకుంటూనే తిరిగాను, గాజు మీద హాలు దీపాలు పడి ఆయన నుదురు మాత్రం కనిపించింది. "తోటలో మేమిద్దరమే ఉన్నాం. మూడో మనిషి లేడు" అన్నారు, ఆ మూడో మనిషే, ఎక్కడా తడుముకోకుండా, అని తరవాతి వాక్యంలోకి వెళ్ళిపోయారు. నాకు ఒళ్ళు మండింది. లేడా? నీ మాట అతనికీ, అతని మాట నీకూ ఎవరు అందించారయ్యా, చెట్లా? లేచి అరవాలనిపించింది, అరవలేదు, ఎందుకంటే నేను మాత్రం తక్కువ తిన్నానా, నా మొదటి పుస్తకంలోనూ 'ఇద్దరు మంత్రులూ ఏకాంతంగా' అనే ఉంది, మా శాస్త్రంలో పద్ధతే అది, దుభాషి పక్కనున్నా దాన్ని ఏకాంతమనే అంటాం. ఆ వాక్యానికి కామా పెట్టింది కూడా మా ఆయనే. ప్రూఫులు దిద్దడంలో ఆయనకి సాటి లేరు.

"పది అడుగులు మౌనంగా నడిచాం. అప్పుడు అతను వంతెన అడిగాడు" అంది చెవిలో గొంతు. "నేను మౌనం అడిగాను."

వచ్చింది. మాట వచ్చింది. నాకు ముందు ఏమీ అనిపించలేదు, తరవాత నవ్వొచ్చింది, బిళ్ళావిడ నా వంక చూసి బిళ్ళ ఇవ్వబోయింది, ఏడుస్తున్నాననుకుంది కాబోలు, ఏడుస్తున్నానేమో కూడా. మా గైడుగారు బతికుంటే ఇప్పుడే ఫోను చేసేదాన్ని, సార్, పుకారు కాదు సార్. ఇంటర్వ్యూ పెద్దమనిషి, గులాబీ చీటీలు, నేను ప్రమోషనుకి వెళ్తే నా ముందు పేజీలు లెక్కపెట్టిన కమిటీలు, పరాయి దేశాల సభల్లో భోజనాల దగ్గర నా సిద్ధాంతాన్ని 'ఆసక్తికరం' అన్న పెద్దలు, అందరూ ఒక్కసారి వరసగా నిలబడి తలలు వంచారు. ఇంత ఆనందం మనిషికి మంచిది కాదు. వరద మాస్టారు భుజాలు జారాయి, మెల్లగా వెనక్కి తిరిగి, రెండు చేతులూ పైకెత్తి, "ఒప్పుకున్నానమ్మా, నా వరద తగ్గిపోయింది" అన్నాడు గుసగుసగా. పాపం, కళ్ళలో నిజంగానే నీళ్ళు. నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను. ఇక ఎవరితో పోట్లాడాలి నేను అనుకున్నాను, అది కూడా తీయగానే ఉంది.

"తోట చివర, బావి దగ్గర ఆగాం" అంది చెవిలో గొంతు. "గట్టు మీద చేతులు ఆనించాను. రాయి చల్లగా ఉంది. ఆ చల్లదనం ఇప్పటికీ నా అరచేతుల్లో ఉంది." వేదిక మీద పెద్దాయన నిజంగానే అరచేతులు వెల్లకిలా తిప్పి చూసుకున్నాడు. హాలంతా కరిగిపోయింది, ఎవరో అయ్యో అన్నారు. ఆ తోటలో బావి లేదు. ఆ బావి నాది. కాపలా అధికారి తోట చివర ఆగారని రాశాడు, బంగళా నక్షా తెప్పించి చూస్తే తోట చివర బావి గుర్తుంది, 'పాత బావి దగ్గర, బహుశా గట్టుకి ఆనుకుని' అని నేను రాశాను. ఆ నక్షా ఎప్పటిదో, దానికీ సమావేశానికీ మధ్యకాలంలో ఎవరో ఆ బావి పూడ్చి కార్ల షెడ్డు కట్టారు, పుస్తకం అచ్చయ్యాక సమావేశం నాటి ఒక ఫొటోలో షెడ్డు చూసి తెలుసుకున్నాను. మా వృత్తివాళ్ళు తప్ప ఇంకెవరూ చెయ్యలేని పొరపాటు, మామూలు మనిషైతే వెళ్ళి చూసి వస్తాడు. రెండో ముద్రణలో బావి తీసేసి, తీసేశానని ముందుమాటలోనే చెప్పాను, ఆ సంగతి అక్కడితో అయిపోయింది. కానీ పొరుగు భాషలోకి వెళ్ళింది మొదటి ముద్రణ. అక్కడ బాగా అమ్ముడుపోయింది, అనువాదంలో బహుశా అన్న మాట ఊడిపోయింది, అక్కడ ఆ బావి ఇప్పటికీ నీళ్ళతో ఉంది.

ఆ ఫొటో చూసిన రోజు ఇంట్లో ఎంత గోల చేశాను! "మీరు అక్కడ నిలబడ్డారు. బావి లేదని మీకు తెలుసు. ప్రూఫులు చూశారు కూడా!" "అచ్చుతప్పులు చూడమన్నావు, చూశాను." "బావి ఉందో లేదో చెబితే మీ ప్రమాణం మునిగిపోతుందా?" "బావి దగ్గర మొదలుపెడితే ఎక్కడ ఆగాలో నాకు తెలియదే" అన్నారు. ఆ గొంతులో బతిమాలడం ఉంది. నేను వినిపించుకోలేదు, ఎన్నాళ్ళో మాట్లాడలేదు, మధ్యలో చేరవేయడానికి మా అత్తగారు కూడా లేరు అప్పటికి. ఇప్పుడు చెవిలో బావి అన్న మాటకి ముందు ఆయన ఒక్క క్షణం ఆగారా? గుటక మింగేంతసేపు? ఆగినట్టే అనిపించింది, ఆగలేదేమో కూడా, ఖాళీల్లో అర్థాలు వెతికి వెతికి నాకు అదొక రోగమైపోయింది. 'ఒకరు వంతెన అడిగారు, ఒకరు మౌనం అడిగారు', నా ఐదో అధ్యాయం మొదటి వాక్యం. వానాకాలం సెలవుల్లో రాశాను, రాసి ఎంత మురిసిపోయానో. 'పది అడుగులు మౌనంగా' అన్నది దాని తరవాతి వాక్యం. ముసలాయన అబద్ధం ఆడటం లేదు పాపం. ఆయనకి ఆ రోజు ఎప్పుడో జారిపోయింది, ఆ ఖాళీలో నా పుస్తకం వచ్చి కూర్చుంది, రాయి చల్లదనంతో సహా. నన్ను నాకే వినిపిస్తున్నాడు, అదీ మా ఆయన గొంతుతో.

చప్పట్లు. జనం లేచి నిలబడ్డారు, నేనూ లేచాను, అందరూ లేచినప్పుడు కూర్చోవడం బాగుండదని. బావి లేకపోయినంత మాత్రాన బేరం లేదనా, అంది నాలో ఒకతి, రెండూ వేరువేరు సంగతులు, షెడ్డు దగ్గర ఆగినా బేరం బేరమే. అదీ నిజమే. ఈ హాల్లో రెండు ముద్రణలూ పక్కపక్కన పెట్టుకుని చదివినవాళ్ళు ఎవరూ లేరు, వరద మాస్టారు నా పుస్తకం రాగానే వెనక సూచికలో తన పేరు చూసుకుని మూసేస్తాడు. తెలిసినవాళ్ళం ఇద్దరమే, నేనూ, గాజు వెనక ఆయనా. ఆయన చెప్పరు. నేను చెప్పకపోతే సరి. నీ పుస్తకం చదివి వచ్చినవాడు సాక్షి కాడు, నీ అద్దం అని ఎంతమంది పిల్లల థీసిస్‌లు తిరగ్గొట్టాను, ఒక పిల్ల ఏడుస్తూ వెళ్ళి ఇక తిరిగి రాలేదు. ఇప్పుడు నా అద్దానికి అందరూ లేచి నిలబడి చప్పట్లు కొడుతున్నారు. వైస్ ఛాన్సలర్ మైకు తీసుకుని, "మన మేడమ్‌గారి జీవితకృషికి ఇవాళ ముద్ర పడింది, రెండు మాటలు చెప్పాలి, తప్పదు" అన్నాడు. మైకు చేతులు మారుతూ నా దగ్గరికి వచ్చింది, ఎవరి చేతి చెమటో దాని మీద. ధన్యవాదాలు అని కూర్చుంటే చాలు. వెనక్కి చూశాను. ఈసారి కనిపించారు, నీళ్ళు తాగి గ్లాసు కింద పెట్టి, నేను నోరు తెరవడం కోసం పెదవుల మీదే చూపు పెట్టుకుని ఉన్నారు, ఎవరు మాట్లాడబోయినా అలాగే చూస్తారు. జీవితమంతా నోరు మూసుకుని ఉండటం ఆ మనిషికి ఎంత కష్టమైందో నేను ఏనాడైనా అడిగానా? ఒక ఇంటికి అలాంటివాళ్ళు ఒక్కరు చాలు.

"అయ్యా, ఆ తోటలో బావి లేదు" అన్నాను.

నా గొంతు నాకే మరీ మామూలుగా వినిపించింది. "బావి నా పుస్తకం మొదటి ముద్రణలో ఉంది. పొరపాటున పెట్టాను, తరవాత తీసేశాను. వంతెన అడిగాడు, మౌనం అడిగాను అన్న వాక్యం కూడా నాదే. మీరు ఆ రోజుని కాదు, నా పుస్తకాన్ని గుర్తుచేసుకుంటున్నారని నా అనుమానం. అందుకని మీ మాటని నేను నాకు సాక్ష్యంగా తీసుకోలేను." "ఏం పనమ్మా ఇది, గెలిచావు కదా, కూర్చో!" అన్నాడు వరద మాస్టారు, నిజంగా కోపంగా. పెద్దాయన చెవిమీద అరచెయ్యి అదిమిపెట్టుకుని వింటున్నాడు, నా మాటలు రెండు మూడు మాటల వెనకగా మా ఆయన గొంతులో ఆయన చెవిలోకి వెళుతున్నాయి, నాకు చెప్పకూడని బావి సంగతి మా ఆయన నిండుసభలో చెబుతున్నారు, లేదు అని, నేను అని. అది తలుచుకుని ఒక్క క్షణం ఎంత బాగుందో చెప్పలేను.

పెద్దాయన చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. వైస్ ఛాన్సలర్ లేవబోయి కూర్చున్నాడు. తరవాత ఆ ముక్కు మైకు వైపు వంగింది, నా చెవిలో మా ఆయన మొదలుపెట్టారు. "కావచ్చు. మా మనవరాలు ఆ పుస్తకం నాకు చదివి వినిపిస్తుంది. చాలాసార్లు వినిపించింది. బావి తీసేస్తే నా దగ్గర ఇంకేమీ మిగలదు." గొంతు ఆగింది. ఆగింది పెద్దాయనో మా ఆయనో చూద్దామనుకునేలోపే మళ్ళీ మొదలైంది. "అమ్మా, మీరు చదువుకున్నవారు. నేను తెలుసుకోకుండా పోవడం బాగుండదు. ఆ రోజు మేమేం మాట్లాడుకున్నామో మీరు చెప్పండి."

ఆ హాలు మొత్తంలో జవాబు తెలిసినవాడు ఒక్కడే, ఆయనే నన్ను అడుగుతున్నారు. జీవితమంతా నేను ఆయన్ని అడిగిన ప్రశ్న, ఆయన గొంతులోనే, నా చెవిలో. మైకు పెదవులకి దగ్గరగా పెట్టుకుని, "నాకు తెలియదు" అన్నాను. అని, కుర్చీ మీదికి వంగి చక్రం రెండుకి తిప్పాను. ఆ భాష నాకు చదవడం వచ్చినంతగా వినడం రాదు, ఆ మాట మాత్రం తెలుసు. మా ఆయన దాన్ని ఏమాత్రం తడబడకుండా, నేను అన్నంత నెమ్మదిగానే, ముసలాయనకి చెప్పారు, నాకు తెలియదు అని. ముసలాయన తరఫున అన్నవి పక్కన పెడితే, ఇన్నేళ్ళ కాపురంలో ఆయన నోట నేను విన్న మొదటి అబద్ధం అది. అదీ నేను చెప్పిస్తే చెప్పారు.